తాయారమ్మ భయం
చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో తాయారమ్మ మధ్యాహ్నాలు మునగాకు దూస్తూ టీవీలో దయ్యాల సినిమాలు చూస్తుంది. దయ్యం జుట్టు విరబోసుకుని గోడ మీద పాకితే మనవరాలు శ్రీప్రియ దిండు వెనక దాక్కుంటుంది. తాయారమ్మ మాత్రం, “పావం, ఆయమ్మకి తల దువ్వేదానికి ఎవురూ లేరే!” అంటుంది.

నిన్నటి సినిమాలో, భార్య ఒక్కతే ఉన్న గదిలోకి భర్త నవ్వుతూ వచ్చి మెల్లగా గడియ వేశాడు. తాయారమ్మ చేతిలో రెమ్మ ఆగిపోయింది.

“ఆపెయ్యి పాపా.”

“ఏం అవ్వా, దయ్యం ఇంకా రానే లేదే?”

“వచ్చేసినాడు కదా.”

తాత చనిపోయిన వారానికే అవ్వ స్క్రూడ్రైవరు పట్టి లోపలి తలుపుల గడియలన్నీ ఊడదీసిందని ఇంట్లో నవ్వుతూ చెప్పుకుంటారు. తలుపులకు మిగిలిన ఆ స్క్రూల రంధ్రాలను శ్రీప్రియ మొదటిసారి చూసింది. తరువాత అవ్వ చేతులను చూసింది. ఎంత చిన్న చేతులో! అవి మళ్లీ ఆకు దూస్తున్నాయి.