మెట్టు లేని చరిత్ర సంఘం

రాజమండ్రిలో మా చరిత్ర సంఘానికి గుమ్మం ఉంది గాని, గుమ్మానికి మెట్టు లేదు. కొత్తగా వచ్చినవాళ్ళు మామూలుగా నడిచొచ్చి, గుమ్మం దగ్గర కాలు ఎంత ఎత్తాలో తెలీక, తలుపు పట్టుకుని వేలాడతారు. మెట్టు ఏమైందని అడిగితే మా సభ్యులందరూ కలిసి నావైపు చూస్తారు. అడిగినవాళ్ళందరికీ ఒక్కో ముక్క చెప్పేకంటే ఒకసారి రాసి పడేస్తే పీడా వదిలిపోతుందని ఇది రాస్తున్నాను.

సంఘం అంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు గదులు, ఒక వరండా, పెరట్లో నంబర్లు వేసిన రాళ్ళు, పదిహేనుమంది సభ్యులు. వాళ్ళలో మోకాళ్ళు సరిగ్గా వంగేది నాకొక్కదానికే. నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. నా చరిత్ర జ్ఞానం చూసి సంయుక్త కార్యదర్శిని చేశారని ఇంట్లో చెప్పుకున్నాను గాని, నిజానికి ఆ పదవి మోకాళ్ళకి వచ్చింది. బీడుల్లోనూ తుప్పల్లోనూ కూర్చుని రాళ్ళు కడిగేవాళ్ళు ఒకరు కావాలి కదా.

ఏడాది పొడుగునా మా పని ఒక వరసలో నడుస్తుంది. వానలు వెనకబట్టాక శాసనాల కోసం ఊళ్ళు తిరుగుతాం. చలికాలమంతా వాటిని చదువుతాం. ఎండలు ముదిరేలోగా సంచిక అచ్చు వేస్తాం. ఆ తర్వాత వార్షిక సమావేశం. ఆ సమావేశానికి అందరూ వచ్చేది ఉపన్యాసం కోసం కాదు, తప్పొప్పుల కోసం. కిందటి ఏడు మేం చేసిన పొరపాట్లన్నీ అధ్యక్షులవారు పైకి చదువుతారు. ఎవరి తప్పు వస్తే వాళ్ళు లేచి నిలబడి, “తప్పు నాదేనండి” అనాలి. ఆ పూట అందరికీ కాఫీలు వాళ్ళే అందించాలి. ఒక పెద్దాయన ప్రతి ఏడూ లేచేవారు. తప్పు దొరికిందంటే తన వ్యాసం ఎవరో చదివినట్టే కదా అని ఆయన సంతోషం. నేను మాత్రం చేరిన నాటినుంచి ఒక్కసారీ లేవలేదు. ఆ సంగతి కొంచెం ఎక్కువగానే చెప్పుకునేదాన్ని.

మా అధ్యక్షులు రిటైరైన కాలేజీ లెక్చరర్. అందరం మాస్టారనే పిలుస్తాం. శాసనం కనిపిస్తే చాలు, ఆయన చెప్పులు విడిచి రెండు చేతులూ జోడిస్తారు. “దేవుడికి కాదమ్మా, చెక్కిన మనిషికి” అంటారు. ఆయన పెట్టిన నియమం ఒకటుంది: అక్షరాలు కనబడ్డానికి రాతిమీద సుద్దపొడి తప్ప ఇంకేదీ చల్లకూడదు. ఎందుకండీ అని నేనెప్పుడూ అడగలేదు. పెద్దవాళ్ళ చాదస్తం అనుకున్నాను.

ముందటి ఏడు గోదావరి దాటి, కొవ్వూరు అవతల కాలవగట్టు మీద ఒక ఊరు వెళ్ళాం. వంతెన పక్కన ఒకావిడ చేపలు అమ్ముతోంది. అమ్మడమే కాదు, కొన్నవాళ్ళకి శుభ్రం చేసి ఇస్తుంది. ఆవిడ ముందు నేలలో సగం దిగిన బండ ఒకటి ఉంది. కొర్రమేనుకి బూడిద పట్టించి, ఆ బండకేసి నాలుగు రుద్దులు రుద్దితే పొలుసూ జిగురూ ఊడి తెల్లగా వస్తోంది. ఆ బండ నిండా అక్షరాలే. మాస్టారు అక్కడికక్కడే చెప్పులు విడిచారు.

“ఇంత మంచి శాసనం మీద చేపలు తోముతావేంటమ్మా?” అన్నారు.

“గీతలున్న బండ కదండీ, పొలుసు తొందరగా ఊడొచ్చేస్తదండి” అంది ఆవిడ. “మా అత్త కూడా దీనిమీదే తోమేదండి. నున్నటి రాయైతే చేప జారిపోద్దండి.”

ఒక్క పూట బండ ఇమ్మంటే పాపం మారుమాట లేకుండా ఇచ్చింది. నేను చెంబులతో నీళ్ళు పోసి కడిగాను. తడి కాగితం పరిచి, బ్రష్షుతో తట్టి, అక్షరాల్లోకి దిగాక సిరా మెత్త అద్ది, ఆరాక ఒలిచి తీస్తే నకలు వస్తుంది. అంతా బాగానే వచ్చింది. ఫొటో ఒక్కటే మిగిలింది. ఎండకి నీరసించిన మాస్టారు టీకొట్టు నీడలోకి వెళ్ళారు. సంచీలో చూస్తే సుద్దపొడి లేదు. డబ్బా నా స్కూల్ బల్లమీదే ఉండిపోయింది.

ఎదురుగా కిరాణా కొట్టు. పసుపు పొట్లం తెచ్చి బండకి బాగా పట్టించాను. అక్షరాలు ఎంత చక్కగా తేలాయంటే, నాకు నేనే శభాష్ అనుకున్నాను. చుట్టూ జనం మూగారు. ఒక ముసలమ్మ “ఎవరమ్మా ఈవిడ?” అని బండని చూపించి అడిగింది. నాకు నోటిదూల జాస్తి. “మనందరికంటే పెద్దావిడండి, చూడ్డానికి పనిగట్టుకుని ఇంతదూరం వచ్చాం” అన్నాను. ఆ ముసలమ్మ చెంపలేసుకుంది. నేను నవ్వుకున్నాను. పసుపు కడుగుదామని చెంబు తీసేసరికి కారువాడు హారన్ కొట్టాడు. ఎలాగూ చేపలు తోమేటప్పుడు పోతుంది కదా అని వచ్చేశాను.

సంచికలో ఫొటో నలుపు తెలుపుల్లో వేశారు. పసుపు సంగతి ఎవరికీ తెలియలేదు. మాస్టారు ఫొటోని మెచ్చుకున్నారు కూడా. నేను వినయంగా తలదించుకున్నాను.

ఏడాది తిరిగింది. మూడో పంక్తిలో ఒక అక్షరం మీద మాస్టారికి అనుమానం వచ్చింది. తప్పొప్పుల్లోకి ఎక్కించేముందు మళ్ళీ కళ్ళారా చూడాలన్నారు. మళ్ళీ అదే ఊరు వెళ్ళాం. వంతెన పక్కన రేకుల పందిరి. పందిరి కింద మన బండ. ఒళ్ళంతా పసుపు, అడుగున్నర వెడల్పు కుంకుమ బొట్టు, నిమ్మకాయల దండ, ఎర్ర చీర. పైన ఫ్లెక్సీ మీద బండమ్మ తల్లి అని రాసి ఉంది, కింద కమిటీవాళ్ళ ఫొటోలు. మూడో పంక్తి ఎక్కడో చీర కుచ్చెళ్ళలో ఉంది.

మాస్టారు నిలువునా కూలిపోయారు. చీర కొంచెం పక్కకి జరుపుతారా అని కమిటీ పెద్దని బతిమాలడానికి వెళ్ళారు. అమ్మవారి చీర జరపమనే మగమనిషికి ఏం జవాబు వస్తుందో మీరే ఊహించుకోండి.

చేపలావిడ రోడ్డుకి అవతల, ఎండలో, బేసిన్ ముందు కూర్చుని ఉంది. ముందు బండ లేదు. సిమెంటు ఇటుక ఒకటి పెట్టుకుని శీలావతి చేపని రుద్దుతోంది. అది జారిపోతోంది. నన్ను చూసి గుర్తుపట్టింది.

“టీచరుగారండీ, పసుపు మీరే కదండీ రాసింది?”

నేను బేసిన్‌లో చేపల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

“మర్నాడు పొద్దున్నే వచ్చేసరికి ఎవరో బొట్టెట్టేశారండి. బొట్టెట్టినాక దానిమీద చేప పెడితే ఊరుకుంటారాండి? నీచుతో దగ్గిరికి రావద్దని రోడ్డు దాటించేశారండి. ఈ ఇటుకమీద తోమితే సగం పొలుసు ఉండిపోతందండి. తోమి ఇత్తానని కదా నా దగ్గిర కొనేది? అందరూ కొవ్వూరు మార్కెట్టుకి పోతన్నారండి.”

ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. నా జోకు గుర్తొచ్చి నాకే సిగ్గేసింది. పందిరి వైపు చూశాను. మాస్టారు ఇంకా బతిమాలుతూనే ఉన్నారు. ఆవిడా అటు చూసింది. ఇట్టే పట్టేసింది.

“మీ సారుగారికి తెలీదాండీ?” అంది. నేను తల అడ్డంగా ఊపాను. “ఆయ్, నేనూ చెప్పనులెండి. నా బండ సంగతి చూడండి.”

పక్కనే ఉన్న ఆవిడ మనవరాలు నా నంబరు ఫోన్లోకి ఎక్కించుకుంది. అప్పట్నించీ వారానికోసారి నాకు ఫోన్. “టీచరుగారండీ, బండండీ.” అంతే, పెట్టేసేది. క్లాసులో ఉండగా మోగితే పిల్లలు కూడా “టీచర్, బండా?” అనేవారు. ఒక ఆదివారం కొత్త రుబ్బురోలు మోయించుకుని వెళ్ళాను. చేత్తో తడిమి “పప్పు రుబ్బుకోడానికి బాగుంటదండి” అంది. ఇంకోసారి మా వీధిలో ఇల్లు కట్టేవాళ్ళని అడిగి గ్రానైట్ పలక తీసుకెళ్ళాను. దానిమీద చేప పెట్టి వేలితో తోసింది. చేప అటు చివర్నించి కింద పడింది.

చివరికి ఒక ఉపాయం తట్టింది. మా సంఘం పెరట్లో పగిలిన రాళ్ళు బోలెడు ఉన్నాయి. వార్షిక సమావేశం రోజు అందరూ లోపల ఉంటారు. ఆవిడ వచ్చి చూసుకుంటే, నచ్చింది తర్వాత మెల్లగా దాటించేయొచ్చు. చరిత్ర సంఘం కార్యదర్శికి రావలసిన ఆలోచన కాదు. కానీ వచ్చింది.

ఆవిడ బస్సెక్కి వంతెన దాటి వచ్చింది. చేతిలో మూత పెట్టిన బకెట్. పరీక్షకి రెండు కొర్రమేన్లు, పొట్లంలో బూడిద. పెరట్లోకి పొమ్మని నేను సైగ చేస్తుంటే, గుమ్మంలో ఉన్న మాస్టారు చూసి, “రామ్మా, లోపల కూర్చో, మా సమావేశానికి ఇంతవరకూ శ్రోతలే రాలేదు” అని సగౌరవంగా ఆఖరి వరసలో కుర్చీ వేయించారు. ముఖం గుర్తుపట్టలేదు. ఆయనకి బండలే గుర్తుంటాయి. చుట్టుపక్కల పెద్దలు ముక్కులు ఎగబీల్చారు.

తప్పొప్పులు మొదలయ్యాయి. పెద్దాయన యథాప్రకారం లేచి, సంతోషంగా కూర్చున్నారు. తర్వాత మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు.

“కాలవగట్టు శాసనం, మూడో పంక్తి. అక్షరం సరిచూడటం వీలుపడలేదు. స్థానికుల అజ్ఞానం వల్ల రాతికి పసుపు రాసి పూజలు మొదలుపెట్టారు.” ఆయన నిట్టూర్చి, “ఏం చేస్తాం, జనానికి చరిత్ర విలువ తెలీదు” అన్నారు. అందరూ అవునవునని తలలూపారు.

నేను వెనక్కి చూశాను. ఆవిడ బకెట్ ఒళ్ళో పెట్టుకుని మాస్టారివైపే చూస్తోంది. నావైపు చూడటం లేదు. మాటంటే మాటే, చెప్పనంది కాబట్టి చెప్పదు. తన బండ పోయింది, బేరాలు పోయాయి, ఇప్పుడు అజ్ఞానం కూడా తనదే అంటుంటే కూర్చుని వింటోంది. నాకు చెప్పలేనంత రోత పుట్టింది, నా మీద నాకే.

లేచాను. సంఘంలో చేరిన నాటినుంచి అదే మొదటిసారి.

“తప్పు నాదేనండి. సుద్దపొడి మర్చిపోయి పసుపు నేనే రాశాను. కడగకుండా వచ్చేశాను. ఆ బండమీద చేపలు తోముకుని బతికే ఆవిడ అదుగో, వెనక కూర్చున్నారు.”

మాస్టారు కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. తర్వాత పెన్ను తీసి కాగితం మీద ఒక మాట కొట్టేసి, ఇంకోటి రాసి, మొదటినుంచి చదివారు. “సంయుక్త కార్యదర్శి అజ్ఞానం వల్ల రాతికి పసుపు రాసి...”

పెద్దాయన అందరికంటే ముందు నవ్వారు.

మాస్టారు నవ్వలేదు. వెనక వరస దాకా నడిచి, “నావల్ల కూడా పొరపాటు జరిగిందమ్మా. ఆ నియమం ఎందుకో ఈవిడకి చెప్పలేదు. నిన్నూ ఓ మాట అనేశాను” అన్నారు.

“దాందేముందండి” అంది ఆవిడ. “మరి నా బండండీ?”

అందరం పెరట్లోకి వెళ్ళాం. ఆవిడ ఒక్కో రాయినీ అరచేత్తో తడుముతుంటే మాస్టారు గుండె చిక్కబట్టుకుని వెనకాలే నడిచారు. “అది దాన శాసనమమ్మా.” “నున్నగా ఉందండి.” “ఇది చాలా అరుదైనదమ్మా.” “పెళుసండి, పెచ్చులు లేస్తది.” మా సంఘం దాచుకున్న రాళ్ళన్నీ వరసగా ఫెయిలయ్యాయి. మాస్టారు ఊపిరి పీల్చుకున్నారు, కొంచెం నొచ్చుకున్నారు కూడా. తిరిగి లోపలికి వస్తూ ఆవిడ గుమ్మం దగ్గర ఆగింది. కాలు జారకుండా ఎవరో ఎప్పుడో ఉలితో గాట్లు పెట్టిన మెట్టు. చెప్పులతో తొక్కి చూసింది, వంగి తడిమింది. అక్కడే గొంతుక్కూర్చుని, కొర్రమేనుకి బూడిద పట్టించి నాలుగు రుద్దులు రుద్దింది. చేప తెల్లగా మెరిసింది.

“ఇదండి” అంది.

మాస్టారు రిజిస్టర్ తెప్పించి మొదట్నించి చివరిదాకా తిప్పారు. మెట్టుకి నంబరు లేదు. “రిజిస్టర్లో లేని రాయి సంఘానిది కాదు” అని తీర్పు చెప్పారు. నలుగురు కూలీలు గడ్డపారలతో మెట్టుని పెకలించి ట్రక్ ఆటోలోకి ఎక్కించేలోపు నేను కాఫీలు అందించాను. మొదటి గ్లాసు ఆవిడకే ఇచ్చాను. గ్లాసు అందుకుని నావైపు వేలు చూపించింది.

“దీనికి మాత్రం పసుపు రాయకండి టీచరుగారండీ.”

ఆటో కదిలింది. పక్కకి తిరిగి చూశాను. మాస్టారు అలవాటు కొద్దీ చెప్పులు విడిచేశారు. రెండు చేతులూ మెట్టువైపు లేస్తున్నాయి. రోడ్డు మీద జనం ఆగి చూస్తున్నారు.

గభాల్న ఆయన చేతులు పట్టుకుని కిందికి దించాను.

“వద్దండి మాస్టారూ, ఎవరైనా చూస్తారు” అన్నాను.