రాహుకాలంలో వచ్చిన విజేత

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పెట్టిన సైకిలు పందెంలో అందరికన్నా ముందు వచ్చిన బళ్లారి మనిషిని, ఇంకో నాలుగడుగుల్లో గెలుస్తాడనగా, మా పత్తి వర్తకులు ఆపేశారు. రోడ్డు పక్కన నిలబడి నేను చూశాను.

వెండి కప్పు ఇస్తున్నది ఆ వర్తకులే. రాహుకాలంలో పత్తి బండి కూడా బజారు గేటు దాటకూడదని వాళ్ల కట్టుబాటు. ఆ కాసేపూ గేటుకు అడ్డంగా తాడు కడతారు. పందెం ముగిసేదీ ఆ గేటు దగ్గరే. రాహుకాలం పోయాకే సైకిళ్లు వచ్చేలా లెక్కవేసి పందెం మొదలుపెట్టించారు. పందేల మీదే బతికే ఈ బళ్లారి మనిషి వాళ్ల లెక్కకన్నా వేగంగా తొక్కాడు.

"కొంచేపు ఆగప్పా, మంచి గడియలో గెలుద్దువు," అన్నాడు కప్పు చేయించిన పెద్ద వర్తకుడు.

"పందెంలో యాడైనా ఆగుతారా అన్నా? ఎనకోళ్లు వస్తాండారు."

"వాళ్లనీ ఆపుతాంలే. మాకు అందరూ ఒకటే."

అన్నట్టే అందరినీ ఆపి, పత్తి బోరాల మీద కూర్చోబెట్టి షర్బత్ ఇచ్చారు.

"ఎద్దులైతే ఇంత మర్యాద చేసేటోళ్లు కాదు," అన్నాడు నా పక్కనున్న బండివాడు.

రాహుకాలం పోయింది, తాడు విప్పారు. ఒక్క బండి పట్టే గేటులోకి అందరూ ఒకేసారి దూరి, గెలుపు గీత మీదే కుప్పగా పడ్డారు. బళ్లారి మనిషి అందరికన్నా అడుగున ఉన్నాడు.

కప్పు ఆ వర్తకుడి అంగట్లోనే ఉండిపోయింది. నేను చివరిసారి చూసినప్పుడు కూడా, దాని మీద పేరు చెక్కాల్సిన చోటు ఖాళీగానే ఉంది.