దిబ్బ మన్ను

అరకిలో మన్ను. పన్నెండేళ్ళుగా దాన్ని మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు, అందుకే చెప్పగలుగుతున్నాను.

సాదలి దగ్గర నాకు ఎరువుల అంగడి ఉంది. చౌడప్ప మా ఊరి రైతే. ఎకరా మల్బరీ తోట, ఆ ఆకుతోనే పట్టుపురుగుల పెంపకం. మన్ను పరీక్ష చేయించి, తోటకి ఏది ఎంత తక్కువో అంతే డ్రిప్పు నీళ్ళలో కలిపి ఇస్తానని పట్టుబట్టాడు. ఊరంతా అతని తోటవైపే చూస్తోంది. అతను గెలిస్తే నా మూటల్లో సగం ఎవరు కొంటారు?

"ఇంకమీద నీ మూటలు నువ్వే తినాలప్పా" అని అందరి ముందరా నవ్వాడు.

నేనూ నవ్వాను. "ఆ మన్ను ఇట్లియ్యి. చిక్కబళ్ళాపురానికి పోతాండా, ఆడ మన్ను పరీక్ష ఆఫీసులో నేనే ఇచ్చొస్తా."

తోటలో ఎనిమిది చోట్ల తవ్వి, కలిపి, నీడన ఆరబెట్టి, సంచీకి పేరు రాసి ఇచ్చాడు. ఇంటికి పోయే దారిలో దాన్ని మోరీలో పారబోశాను. మా పేడదిబ్బ అడుగు మన్ను నింపాను. సంచీ మీద పేరు మాత్రం అతనిదే.

నేలలో సత్తువ దండిగా ఉంది, ఎరువు బాగా తగ్గించమని కాగితం వచ్చింది. అతను అక్షరం తప్పలేదు. రెండో కోతకే ఆకు పాలిపోయింది. అది తిన్న పురుగులు గూడు కట్టకుండానే చచ్చాయి. తట్టలకొద్దీ గుంతలో పోశారు.

ఆకు చేతబట్టుకొని అంగడికి వచ్చాడు. "కాగితంలో ఉన్నట్టే చేస్తినే. యాడ తప్పినానప్పా?"

"నీ తోటకి చదువు రాదు కదా, కాగితం చూపిస్తే దానికేం తెలుస్తాది?" అన్నాను. అంగట్లో ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. అతనూ నవ్వబోయాడు. నోరు వంకర పోయింది.

వ్యాపారం కోసమే చేశానా? అలా అనుకుంటే కాస్త ఓర్చుకోవచ్చు. కానీ అతను తల వంచుకుని మెట్లు దిగుతుంటే, ఆకలి మీద అన్నం తిన్నట్టు నా కడుపు చల్లబడింది. అది ఏ వ్యాపారం?

తర్వాత మా ఊళ్ళో ఎవరూ మన్ను పరీక్షకి పోలేదు. చౌడప్ప ఇప్పటికీ నా దగ్గరికే వస్తాడు. "ఎంత ఏయాలప్పా?" అంటాడు. ఒక మూట చాలు. రెండు చెప్తాను. ఆ పొద్దు తన కోసం అంత దూరం పోయొచ్చానని ఇంకా తలుచుకుంటాడు.

ఈ మాట అతనికి చెప్పాలి. మీకు చెప్పాను. దీనికే ఊపిరి కొంచెం ఆడుతోంది. అయినా రేపు అతను వచ్చి అడిగితే, నా నోట ఒకటి అని వస్తుందో రెండు అని వస్తుందో నాకు తెలియదు.