మా పాప బండి బేరం

బిస్కెట్లు తింటూ, ఎదురింటి పిల్లి తోక లాగుతూ నిక్షేపంలా ఉన్న కన్నకూతురి కోసం ఓదార్పు ప్రార్థన జరిపించుకున్న తండ్రి ఏలూరులో ఎవరైనా ఉన్నారా అంటే, ఉన్నాడు. నేనే. ఇందులో పాస్టరు గారి తప్పేమీ లేదు. తప్పంతా నా తెలివిది. అప్పట్లో నాకు అది కాస్త ఎక్కువగా ఉండేది.

పాప పుట్టగానే మా మావగారు తాడేపల్లిగూడెం నుంచి వచ్చి, మొదటి పుట్టినరోజుకి బంగారు గాజులు చేయించమని నా చేతిలో డబ్బు పెట్టారు. ఆ డబ్బు పట్టుకుని నేను విజయవాడ వెళ్ళి నాలుగు చక్రాల పిల్లల బండి కొనుక్కొచ్చాను. పై దేశాల్లో పిల్లల్ని అందులోనే తిప్పుతారని ఎక్కడో చదివాను లెండి. ఆ దేశాల్లో మా వీధి లేదన్న సంగతి మాత్రం ఎవరూ రాయలేదు. గేటు దాటగానే ముందు చక్రం కాలవ మీద పలకల సందులో ఇరుక్కుంది. నలుగురం పట్టి లాగాం. ఆ తర్వాత బండి హాల్లోంచి కదల్లేదు. పాప అందులోనే కూర్చుని పాలు తాగింది, అందులోనే కక్కింది, పళ్ళు వస్తున్నప్పుడు దాని పిడంతా కొరికేసింది.

పుట్టినరోజు దగ్గరపడింది. మా ఆవిడ సునీత వచ్చి ఎదురుగా నిలబడింది.

“ఏవండీ, ఆదివారం చర్చికి వెళ్ళేసరికి పాప చేతులకి గాజులుండాలి. లేకపోతే ఆ డబ్బేమైందో మా నాన్నగారికి మీరే చెప్పుకోండి. నేను మాత్రం నోరు విప్పను.”

“బండి అమ్మేస్తాను. ఇంటర్నెట్‌లో పెడితే కొన్న ధర వచ్చేస్తుంది.”

“కొన్న ధరే! ఇంటర్నెట్‌లో వాసన రాదనా మీ ధైర్యం?”

పాపని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. శనివారం సాయంత్రం మావగారితో కలిసి వస్తానంది. ఆలోపు బండి పోవాలి, గాజులు రావాలి, నా పరువు నిలబడాలి.

పాత సామాన్లు ఇంటర్నెట్‌లో అమ్ముకోవచ్చని ఏలూరులో అప్పుడప్పుడే తెలుస్తున్న రోజులవి. కొత్తదానిలా కనబడితే కొత్త ధర వస్తుందని నా సిద్ధాంతం. ఆటో సీట్లు కుట్టే ఆయన చేత కొత్త గుడ్డ వేయించాను. పిడి మీద పంటిగాట్లు గరుకు కాగితంతో రుద్ది రంగు పూశాను. నెట్ సెంటర్‌లో కూర్చుని, “దాదాపు వాడలేదు, ఇక అవసరం లేదు కాబట్టి అమ్ముతున్నాం” అని ఇంగ్లీషులో రాసి, ఫోన్ నంబరు పెట్టి, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని చుట్టూ చూశాను.

వచ్చారు. దెందులూరు నుంచి ఒకరు, పెదవేగి నుంచి ఒకరు. బండి చూడ్డం, ఇల్లంతా కలయజూడ్డం, గొంతు తగ్గించి “మళ్ళీ వస్తామండీ” అనడం, వెళ్ళిపోవడం. ఒక్కరూ ధర అడగలేదు. బేరమాడని మనుషుల్ని అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

శనివారం పొద్దున్న కొల్లేరు వైపు నుంచి మరియమ్మ గారని ఒక పెద్దావిడ వచ్చారు. కంప్యూటర్ కోర్సు చదివే వాళ్ళబ్బాయి నా ప్రకటన చూసి చెప్పాట్ట.

“ఎన్నాళ్ళు వాడారు బాబూ?”

“వారం కూడా వాడలేదండీ! చూడండి, ఒక్క గీత ఉంటే అడగండి.”

“బాబా, పాపా?”

“పాపండి.”

“ఏదీ, ఓసారి చూస్తాను.”

ఇక్కడ ఇరుక్కున్నాను. తాడేపల్లిగూడెంలో ఉందంటే ఎన్నో నెలని అడుగుతారు. ఏడాది పిల్లంటే, మరి బండి వారమే ఎందుకు వాడారంటారు. అందుకని తలొంచుకుని, “ఆ సంగతి వదిలేయండి పిన్నిగారూ” అన్నాను.

ఆవిడ పమిటచెంగు కళ్ళకద్దుకున్నారు. “మరి దీన్నింకా ఇంట్లో ఎలా పెట్టుకున్నావు నాయనా?”

“పెట్టుకోలేకే అమ్మేస్తున్నానండీ.”

నా తల మీద చెయ్యి వేసి, కాఫీ కూడా ముట్టకుండా వెళ్ళిపోయారు. అడిగిన ధరకే ఖాయమనుకుని, బంగారం షాపులో గాజులకి మంచి డిజైన్ తీసి పెట్టమని చెప్పి వచ్చాను.

సాయంత్రం సునీతావాళ్ళు దిగారు. మావగారు పాపని ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళారో లేదో, వీధి గుమ్మంలో మరియమ్మ గారు! పక్కన బైబిలు పట్టుకుని ఒక పాస్టరు గారు. బేరానికి పెద్దమనిషిని తెచ్చుకున్నారు, ఘటికురాలే అనుకున్నాను.

“కళ్ళు మూసుకుందాం బాబూ,” అన్నారాయన. మా ఇళ్ళల్లో ప్రార్థన లేకుండా ఏ పనీ మొదలవదు. మూసుకున్నాను.

“ప్రభువా, ఈ యౌవనస్థులు పోగొట్టుకొనిన పసిబిడ్డను నీ రొమ్మున చేర్చుకొని...”

నా కళ్ళు వాటంతటవే తెరుచుకున్నాయి. ఎదురుగా గుమ్మంలో మావగారు. ఆయన చంకలో రస్కు నములుతూ, పోయిన పసిబిడ్డ.

“ఎవరండీ పోయింది?” అంటూ సునీత వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

“దేవుడికి స్తోత్రం!” మరియమ్మ గారు పాపని లాక్కుని ముద్దులు పెట్టేశారు. పాప ఆవిడ చెవిదిద్దు లాగింది. ఆవిడకి సంతోషంతో ఏడుపాగలేదు. ఎవరో ఏమిటో తెలియని నా కోసం కొల్లేరు నుంచి ఒక్కరోజులో రెండుసార్లు వచ్చిన ఆ మనిషిని చూసి నాకు నిజంగా సిగ్గేసింది.

సిగ్గుపడితే గాజులొస్తాయా? బేరానికి దిగాను. “మా పాప నెలల తరబడి ఇందులోనే పెరిగిందండీ!”

“ఆ మాట పొద్దున్నే చెప్పొద్దా బాబూ! మా అమ్మాయికి నెలలు నిండాయి. చక్కగా పెరిగిన బిడ్డ వాడిన వస్తువైతే మంచిదని కదా ఇంత దూరం వచ్చింది? కొత్తది కావాలంటే కొట్లో దొరకదా? ఏదీ, పిల్ల కొరికిన గుర్తులేవీ?”

“రుద్దేశానండీ.”

“పడుకున్న గుడ్డ?”

“మార్పించేశానండీ.”

సునీత పెరట్లోకి వెళ్ళి, నేల తుడిచే బకెట్లోంచి ఆ పాత గుడ్డ పిండి తెచ్చింది. మరియమ్మ గారు పట్టుచీరలా మడతపెట్టి సంచిలో పెట్టుకున్నారు.

“ఉతికి మా ఉయ్యాల్లో వేస్తానమ్మా. నాకిది చాలు. ఆ బండి మా చెరువు గట్ల మీద నడుస్తుందా ఏమిటి?”

పాప చేతిలో పదకొండు రూపాయలు పెట్టి, దీవించి వెళ్ళిపోయారు. నేను మావగారి వైపు తిరిగి మొత్తం ఒప్పుకున్నాను. ఆయన బండిని చూశారు, పాప చేతులు చూశారు, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

ఆదివారం చర్చిలో పాప బోసి చేతులతోనే పుట్టినరోజు చేసుకుంది. గాజులేవని అడిగిన ప్రతివాళ్ళకీ మావగారు ఎంతో మర్యాదగా ఒకటే చెప్పారు.

“చేయించామండీ. మా అల్లుడు గారు వాటికి చక్రాలు పెట్టించారు.”

ఆ రోజే, ఆ చర్చి మెట్ల మీదే, ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో నేను ఏ వస్తువూ మరకలు కడిగి అమ్మను. మరకలు లేకపోతే, పిల్లని కూర్చోబెట్టి పాలు కక్కించి మరీ అమ్ముతాను.