చీరపెట్టెలతో కట్టిన వీధి

మొన్న హిందూపురంలో మా కూతురింటికి పోయినప్పుడు, మూడో తరగతి చదివే మనవరాలు థర్మాకోల్ కోట ఒకటి నా ముందు పెట్టి, నువ్వు జిగురు పుయ్యి తాతా, నేను అతికిస్తా అని నన్ను కూలికి కుదుర్చుకుంది. కోటను తానే కోసిందనుకునేరు. బస్టాండు పక్క స్టేషనరీ అంగట్లో గోడలు వేరుగా, బురుజులు వేరుగా రంగు కూడా వేసి కవర్లో పెట్టి అమ్ముతారు. ఇది ఏ ఊరి కోటమ్మా అని అడిగితే కవరు తిరగేసి చూసి, రాయలేదు తాతా అంది. పక్కనే పెనుకొండ ఉందికదా, రైలెక్కి చూసివద్దామంటే, చూసొస్తే మార్కులు వేయరట, అతికిస్తేనే వేస్తారట. ఆ మాట నిజమేనని నాకు బాగా తెలుసు. ఎందుకంటే ఒకప్పుడు పిల్లలకు గోడలు చూపించి జీతం తీసుకున్నవాణ్ణి నేను. ఆ గోడలు చూసినందుకు ఏ బిడ్డకూ ఒక్క మార్కు పడిన పాపాన పోలేదు.

చరిత్రలో ఎం.ఏ. చేసినవాడికి మా రోజుల్లో ఎంత గిరాకీ ఉండేదో నా తరం వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ధర్మవరంలో ఒక చిన్న ప్రైవేటు బడిలో డ్రాయింగు మాస్టరు పని ఖాళీగా ఉందంటే చేరిపోయాను. నాకు డ్రాయింగు వచ్చా అని వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు. నేను గీసిన ఆవుకూ కుక్కకూ తోక దగ్గర తప్ప తేడా ఉండేది కాదు కాబట్టి, ఆలోచించి ఆలోచించి కట్టడాల మీదికి దిగాను. గోడలైతే స్కేలు పెట్టి గీయవచ్చు. శనివారం మధ్యాహ్నాలు పిల్లల్ని వెంటేసుకుని ఊరి మీద పడేవాణ్ణి. పాత వాకిళ్ళ చెక్కడాల మీద పలుచని కాగితం ఒత్తిపెట్టి బొగ్గుతో రుద్దితే పూలూ చిలుకలూ కాగితంలోకి దిగివచ్చేవి. దారంతో గడపలు కొలిచేవాళ్ళం. కొలిచినవాటిని తెచ్చి ఖాళీ చీరపెట్టెల అట్టతో బల్లల మీద మళ్ళీ కట్టేవాళ్ళం. పట్టుచీర పెట్టిచ్చే ఆ తెల్ల అట్టపెట్టె లేని ఇల్లు ఆ మగ్గాల వీధుల్లో ఉండేది కాదు. అందులోని చీర కట్టుకున్న తల్లి మాత్రం నాకు ఒక్కరూ కనపడలేదు.

మొట్టమొదట మీ ఇల్లు గీయండిరా అన్నప్పుడు పిల్లలందరూ కాగితం నడుమ ఒక నలుచదరం గీసి, దాన్ని నల్లగా నింపి, ఆ తర్వాతే చుట్టూ గోడలు లేపారు. ఇల్లు గీయమంటే గుంత గీస్తారేమని నేను నవ్వితే, వాళ్ళు నా వైపు జాలిగా చూశారు. నేతగాడు నేల మీద కూర్చుని కాళ్ళు కిందికి దించి తొక్కే మగ్గం గుంత అది. ఆ వీధుల్లో ముందు గుంత తవ్వుకుని, మగ్గానికి ఎంత చోటు కావాలో చూసుకుని, మిగిలిన చోట్లో వంటా, నిద్రా, పెండ్లీ, పురుడూ సర్దుకుంటారు. నా ఎం.ఏ.లో ఈ సంగతి లేదు.

పెనుకొండ కోటకు తీసుకుపోతానంటే మా హెడ్మాస్టరు కళ్ళద్దాలు తీసి, "ఏమప్పా, గోడలు చూసేకి రైలెక్కల్లనా? బడికి గోడల్లేవా?" అన్నాడు. నిజానికి బడికి ఒకవైపు లేవు. అయినా పొద్దున ప్యాసింజరుకు పోయాం. చిత్రాన్నం కోతులపాలైంది. కోటలోని రాజుల మేడ గగన్ మహల్ చూసి పిల్లలు నోళ్ళు తెరుస్తారనుకుంటే, ఒకడు గదులన్నీ తిరిగి, నేలను కాలితో తట్టి చూసి, "ఇంత పెద్ద ఇల్లు కట్టుకున్యారు, మగ్గం యాడేసినారు సార్?" అని అడిగాడు. ఆరో తరగతి పాప ఒకతె, ఎప్పుడో తప్ప నోరు విప్పనిది, "మగ్గం ల్యాకనే ఆ పక్కంతా పడిపోయినాదిలే" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత కూలిపోయిన గోడల ముందు కూర్చోబెట్టి, మిగిలింది చూసి, పోయినదాన్ని మీరు గీసి పూర్తి చేయండి అన్నాను. ఆ పాప గోడ లేపి, కప్పు వేసి, కిటికీలో ఒక చెంబు కూడా పెట్టింది. అంత బాగా గీసిందని మెచ్చుకున్నాను.

ఆ ఏడాదే ఊళ్ళో మరమగ్గాల చప్పుడు పెరిగింది. పాప వాళ్ళ నాయనకు చీరల సేట్లు పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు దారం, ఇవ్వడం మానుకున్నారు. దారం లేని మగ్గం మంచానికి కూడా పనికిరాదు కాబట్టి ఆయన దాన్ని విప్పి అటక మీద పెట్టి, గుంత పూడ్చి, రైలుస్టేషన్లో మూటలు మోయడానికి పోసాగాడు. గుంత పూడిస్తే ఊరు విడిచినట్టే అని ఆ వీధిలో ఒక మాట. వేసవికి బెంగుళూరు పోతారనీ, పాప బడి అంతటితో సరి అనీ అందరికీ తెలుసు, పాపతో సహా.

బడి పండక్కి పిల్లలు ఆ వీధినంతా పెట్టెలతో కట్టారు. ఉన్నది ఉన్నట్టు కట్టాలని నా షరతు. పాప తన ఇంట్లో బ్లేడుతో గుంత కోసి, చీపురు పుల్లలతో మగ్గం నిలబెట్టి, ఎర్ర పట్టుదారం ఎక్కించింది. వెంటనే పక్కింటి పిల్లవాడు లేచి, "అబద్ధం సార్! వాళ్ళింట్లో గుంత యాడుండాది? పూడ్చి అవ్వ మంచమేసినారు" అన్నాడు. పాప తల ఎత్తకుండా, "పెనుకొండలో పడిపోయినవి గూడా గీయమంటిరి కద సార్" అంది. ఆ తర్వాత మెల్లగా, "మా నాయన చూస్తే మళ్ళీ ఏస్తాడు" అంది. నేను ఆ ఇంటిని అట్లాగే ఉంచమన్నాను.

వాళ్ళ నాయన వచ్చాడు. మూటలు మోసిన తువాలు భుజం మీదే ఉంది. బల్ల ముందు గొంతుక్కూర్చుని ఆ అట్ట ఇంట్లోకి చాలాసేపు చూసి, వేలు గుంతలో దించి, "కాళ్ళు పెట్టేకి చాల్లేదు మే, ఇంగ రోంత లోతుండల్ల" అన్నాడు. ఆ పూట పాప నవ్విన నవ్వు లాంటిది నేను ఏ కోటలోనూ చూడలేదు.

ఆయన నిజంగానే తవ్వాడు. వారం పోయాక నన్ను పిలిపించుకున్నాడు. అవ్వ మంచం వాకిట్లోకి వచ్చింది, మగ్గం అటక దిగి తన చోట్లో నిలబడింది, ఆయన గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఒక్క దారప్పోగు లేదు. "పడుగిస్తామన్యారు సార్, రెడీగా ఉందామని" అన్నాడు. పాప కాఫీ తెచ్చింది. తాగి, కాఫీ బాగుందన్నాను.

పడుగు ఎవరూ ఇవ్వలేదు. పాప పొద్దున బడికి వచ్చేటప్పుడూ ఆయన గుంతలోనే ఉండేవాడట, సాయంత్రం పోయేసరికీ అక్కడే ఉండేవాడట. తర్వాత వానలకు గుంతలో నీళ్ళు ఊరాయి. ఆయన తవ్విన మట్టినే మళ్ళీ పోసి పూడ్చాడు. బడిలో పాప చోటు ఖాళీ అయింది. వేసవి వరకు కూడా ఆగలేదు. తల్లి హిందూపురం పక్క బట్టల ఫ్యాక్టరీలో, నాయన బెంగుళూరులో మిద్దెలు కట్టేచోట అని విన్నాను. ఆయనా నాలాగే కట్టడాల పనిలోకే దిగాడన్నమాట. నేను చూపించేవాణ్ణి, ఆయన ఇటుకలు మోసేవాడు. పాప ఏం చేస్తోందో చెప్పినవాళ్ళు లేరు. ఒకసారి ఆ ఇంటి మీదుగా పోతూ తొంగిచూశాను. కొత్తగా దిగినవాళ్ళు నేల నున్నగా అలికారు. తడి ఆరుతున్న నేలలో గుంత నాలుగు అంచులూ తేలి కనపడుతున్నాయి.

పిల్లలందరూ తమ ఇళ్ళు చంకన పెట్టుకుని పోయారు గానీ ఆ పాప ఇల్లు బడి బీరువాలో ఉండిపోయింది. మరుసటేడు తీసి చూస్తే చెదలు గోడలూ కప్పూ మగ్గమూ తినేసి, ఎర్ర పట్టుదారాన్ని మాత్రం వదిలిపెట్టాయి. వాటికి కూడా పట్టు అరగదేమో.

ఇదంతా తలపుకొచ్చి, మనవరాలు నీళ్ళు తాగడానికి లేచినప్పుడు బ్లేడు తీసుకుని థర్మాకోల్ కోట నేలలో ఒక నలుచదరం కోశాను. అది వచ్చి చూసి లబోదిబోమంది. కోటలో గుంత ఎందుకు తాతా అంటే, కాళ్ళు పెట్టుకునేకి అన్నాను. రాజు కుర్చీలో కూర్చుంటాడు తాతా, మిస్ మార్కులు కట్ చేస్తుంది అంది. నిజమే. ఇప్పుడు పిల్లలకు ప్రపంచంలోని కోటలన్నీ కవర్లో వస్తున్నాయి, ఏదీ కూలి ఉండదు, పూర్తి చేయాల్సిన గోడ ఒక్కటీ మిగలదు. ధర్మవరంలో ఆ వీధుల నేలలన్నీ ఇప్పుడు నాపరాయీ టైల్సూ. ఇల్లు గీయమంటే అక్కడి పిల్లలు కూడా ముందు గేటు గీస్తారట. కోసిన ముక్కను మళ్ళీ దాని చోట్లోనే పెట్టి, జిగురు పూసి, అదిమి అతికించాను. మనవరాలు దాని మీద రెండుసార్లు రంగు కూడా వేసింది. అయినా మర్నాడు పొద్దున అది బడి రిక్షా ఎక్కి కూర్చున్నాక, దాని ఒళ్ళోని కోట మీద ఎండ పడితే, ఆ నాలుగు గీతలూ కనపడుతూనే ఉన్నాయి.