రాజపాళయంలో నాయనమ్మ ముద్ద

నయాపైసలు కొత్తగా వచ్చి, అణాల లెక్క ఇంకా నోట్లోంచి పోని రోజులవి. మా మిషన్ ఆస్పత్రిలో కట్లు కట్టే గుడ్డకి కరువొచ్చింది. మద్రాసునించి తెప్పించే గుడ్డ ఒక్క ఉతుక్కే పీలికలయ్యేది. రాజపాళయం చుట్టుపక్కల మగ్గాలమీద గట్టి గుడ్డ నేస్తారని డాక్టరమ్మగారికి ఎవరో చెప్పారు. అక్కడ తెలుగు మాట్లాడే రాజులున్నారని కూడా చెప్పారు. "నీకు అరవం రాకపోయినా గడుస్తుంది దావీదూ, వెళ్ళి చూసి రా" అని కాంపౌండర్నైన నన్ను పంపారు.

బయలుదేరేముందు మా నాన్న నా సంచిలో ఒక కట్ట పెట్టాడు. ఆయన ఊళ్ళో చర్చికి ఉపదేశి. కట్టలో ఉన్నవి నరకాన్ని గురించిన కరపత్రాలు, పైన ఎర్రసిరా మంటల బొమ్మతో సహా. "దారిలో పంచు. ఒక్క ఆత్మ తప్పించుకున్నా చాలు" అన్నాడు.

ఆ మంటల బొమ్మ చూస్తే నాకు మా నాయనమ్మ పున్నమ్మే గుర్తుకొస్తుంది. నాన్న వయసులో ఉండగానే బాప్తిస్మం తీసుకున్నాడు. నాయనమ్మ తీసుకోలేదు. చిన్నాన్న ఇంట్లోనే ఉండి, తన దేవుళ్ళకి తను మొక్కుకుంటూ, నాకు పదకొండేళ్ళప్పుడు పోయింది. మూడోనాడు కాలవగట్టున పిట్టకు పెట్టారు. కాకులు తుమ్మచెట్టు మీద కూర్చుని చూస్తున్నాయిగాని ఒక్కటీ దిగలేదు. "పెద్దకొడుకు చెయ్యి పడితేగాని ముట్టవు" అన్నారు చుట్టాలు. దూరంగా నిలబడ్డ నాన్నని పిలిచారు, బతిమాలారు, తిట్టారు. "అది నా విశ్వాసానికి ఒప్పదు" అని నాన్న నా చెయ్యి పట్టుకుని వచ్చేశాడు. ఆ ముద్దని చివరికి ఆవుకి పెట్టారట.

తర్వాతి ఆదివారం నాన్న నరకం గురించే ప్రసంగం చేశాడు. నాయనమ్మ పేరెత్తలేదు, ఎత్తాల్సిన అవసరమూ లేకపోయింది. ఇంటికొచ్చాక "నాయనమ్మ అక్కడికేనా పోయింది?" అని అడిగాను. "వాక్యం చెప్పింది చెప్పాను" అని అన్నం ముందునించి లేచిపోయాడు. ఆనాటినించీ ఆయన నోట "అమ్మ" అన్న మాట నేను వినలేదు. ఎప్పుడైనా చెప్పాల్సి వస్తే "ఆమె" అనేవాడు. నేను పెద్దవాణ్ణై, పెళ్ళాడి, రోజుకి నూరుమందికి కట్లు కడుతున్నాను గాని ఆ ప్రశ్న మాత్రం నాలోంచి పోలేదు.

సాయంత్రం బాపట్లలో బండెక్కితే తెల్లారేసరికి మద్రాసు. ఈ దారిన వెళ్ళదల్చుకున్నవారికి ఒక మాట చెప్పాలి. సెంట్రల్లో దిగి ఎగ్మూరుకి వేరే వెళ్ళాలి, దక్షిణాది బళ్ళన్నీ అక్కడినించే. పగలంతా ఖాళీ కాబట్టి స్టేషను ఎదుట హోటల్లో ఇడ్లీ, కాఫీ, మళ్ళీ మధ్యాహ్నం భోజనం కానిచ్చాను. సాంబారు మూడుసార్లు పోశారు, నేను ఒక్కసారీ వద్దనలేదు. కొల్లం వెళ్ళే బండి రాత్రి ఎనిమిదికి. ఏడింటికే వెళ్ళి కిటికీ పక్కన చోటు సంపాదించాను.

నా ఎదుట ఇద్దరు కూర్చున్నారు. ఒకాయన కడయనల్లూరు సాయిబు, నెల్లూరులో లుంగీలు అమ్మి అమ్మి తెలుగు నేర్చినవాడు. రెండో ఆయన నల్లచొక్కా, విరుదునగర్ మనిషి. దేవుడు లేడని చెప్పే సంఘంవాడని చొక్కా చూస్తేనే తెలుస్తోంది. నాన్న మాట నిలబెడదామని చెరొక కరపత్రం ఇచ్చాను. తెలుగు అక్షరాలు ఇద్దరికీ రావు. నల్లచొక్కా ఆయన మంటల బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి అరవంలో ఏదో అన్నాడు. సాయిబుగారు నవ్వాపుకోలేకపోయాడు.

"ఈ మంట మన మూడో తరగతి పెట్టెకంటే వేడిగా ఉంటుందా అని అడుగుతాడు" అన్నాడు.

"మరి మీ మతంలో ఎట్లా సాయిబుగారూ?" అన్నాను.

"మా దాంట్లో గోరీలోకి దించినాక ఇద్దరు ఫరిస్తాలు, అదే దేవదూతలు, వస్తారు. నీ దేవుడు ఎవరు అని అడుగుతారు. నా జవాబు నేను నేర్చుకుంటా ఉండాను. మిమ్మల్ని ఏం అడుగుతారో నాకెట్ల తెలుస్తుంది బాబూ?"

ఆ మాట నాకు నచ్చింది. మా చర్చిలో అందరి జవాబులూ మాకే తెలిసినట్టు మాట్లాడతాం. తెల్లవారాక మధురైలో నల్లచొక్కా ఆయన ముగ్గురికీ కాఫీ తెప్పించాడు. డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. కరపత్రాలు రెండూ మర్యాదగా మడిచి నాకు తిరిగిచ్చేశారు.

పదిన్నరకి రాజపాళయంలో దిగాను. పడమట కొండలు ఊరిని ఆనుకుని ఉన్నట్టే కనిపిస్తాయి. మేఘం కొండలమీదే ఆగిపోయింది. ఊళ్ళో మాత్రం దుమ్ము, దూది. మిల్లు దారిలో గాలికి తేలే దూదిపింజలు నా కొత్త చొక్కాకి అంటుకున్నాయి. స్టేషను బయట జట్కావాడికి డాక్టరమ్మగారు అడ్రసు రాసిచ్చిన చీటీ చూపించాను. ఆవిడ ముందే ఉత్తరం రాసిన బట్టల వ్యాపారి సుందరరాజాగారి ఇంటి తిన్నె ముందు దింపాడు.

సుందరరాజాగారు నలభై ఏళ్ళ మనిషి. మాట తక్కువ, మర్యాద ఎక్కువ. "రండి, రండి. ఈ దినం ఆడి అమావాస. మగ్గాలు ఆడవు. రేపు పొద్దున నేనే పిలుచుకొని పోతాను. ఈ దినం మా ఇంట్లోనే సాపాటు" అన్నాడు. తెలుగే. కాని మా తాతల కాలంలో ఎవరో మాట్లాడి వదిలేసిన తెలుగులా ఉంది. విన్నకొద్దీ ముద్దొచ్చింది.

లోపలినించి వాళ్ళమ్మ వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, తెల్లచీర, చెవులకి బరువైన కమ్మలు. ఇంట్లో అంతా ఆవిణ్ణి అవ్వ అంటే నేనూ అవ్వా అన్నాను.

"ఆంధ్రానించా వచ్చినావప్పా? మా తాతలకి తాతలు ఆ పక్కనించే వచ్చినారంట. మీరు ఎవురోళ్ళు?"

"మేం కిరస్తానీలమవ్వా."

ఆవిడ ఒక్క క్షణం చూసి, "సరి. కాఫీ తాగు. సాపాటు కొంచెం లేటు అవుతాది" అంది. నాకు తిన్నెమీదే చాప వేశారు.

కాఫీ తాగి, మొహం కడుక్కోవడానికి పక్కసందులోంచి పెరట్లో బావి దగ్గరికి వెళ్ళాను. పిట్టగోడ మీద అరిటాకులో వేడన్నం, పప్పు, పైన ఒక వడ. చల్లారడానికి పెట్టారు కాబోలు అనుకున్నాను. ఇంతలో ఒక కాకి వాలి, మెడ వంచి, వడమీద ముక్కు పెట్టబోయింది. వాళ్ళ తిండి కాకిపాలు కాకూడదని, రెండు చేతులూ చరిచి "హుష్! పో!" అని అరిచాను. అది కొబ్బరిచెట్లు దాటి వెళ్ళిపోయింది.

వెనక చెంబు కిందపడ్డ చప్పుడైంది. సుందరరాజాగారి భార్య గుమ్మంలో నిలబడి ఉంది. "అయ్యో, కాక్కాయిని తరిమేసినారే!" అంది. ఆ మొహం చూశాక నాకు కాలవగట్టు గుర్తుకొచ్చింది.

ఆడి అమావాస్య అంటే అక్కడ పోయినవాళ్ళకి అన్నం పెట్టే రోజట. పెద్దాయన, అంటే అవ్వ భర్త, పోయి రెండేళ్ళయింది. ఆ ముద్ద ఆయనది. అది కాకి ముట్టిందాకా ఆ ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు. అవ్వ గోడ దగ్గర నిలబడి "కా, కా" అని పిలిచింది. సుందరరాజాగారు పిలిచాడు. కాకుల జాడ లేదు. ఊరంతా అదే పనిమీద ఉంది, ప్రతి గోడమీదా ఒక ఆకు. ఇన్ని గోడలుండగా కాకులు మా గోడకే ఎందుకొస్తాయి! పన్నెండున్నర అయింది, ఒంటిగంట అయింది. ఒక్కరూ నన్ను ఒక్కమాట అనలేదు. అంటే బాగుండు అనిపించింది.

"నేను హోటల్లో తింటానవ్వా, నావల్ల మీరంతా..." అని సంచి తీసుకోబోయాను.

"విరుందు సాపాటుకి వచ్చినోడు పస్తుతో పోతే మా ఆయన ఇంక రాడు. కూర్చో" అంది. నేను లాగిన సంచిలోంచి కట్ట జారి పడింది. అవ్వ ఒకటి తీసి చూసింది. "తెలుగు అచ్చరాలా? మాకు మాట్లాడేది తెలుగు, చదివేది తమిళు. చదువప్పా, విందాము."

తప్పించుకోలేక మొదలుపెట్టాను. మొదటి పేజీ గట్టిగానే చదివాను. రెండో పేజీలో, నమ్మనివాళ్ళు ఆరని అగ్నిలో పడతారనే చోట, నా గొంతు నాకే వినపడలేదు. అవ్వ ఆఖరుదాకా విన్నది.

"అయితే మీ పుస్తకం మాట చూస్తే, మా ఆయన ఇప్పుడు మంటలో ఉన్నాడా?"

కోపం లేదు. బస్సు ఏ ఊరు పోతుందని అడిగినట్టు అడిగింది. నాన్నని ఒక్కసారి అడిగి, మళ్ళీ అడగలేక ఇన్నాళ్ళూ దాచుకున్న ప్రశ్న ఇప్పుడు నన్నే అడుగుతోంది.

"నాకు తెలీదవ్వా. మా నాయనమ్మ కూడా అక్కడే ఉందంటారు" అన్నాను. అక్కడితో ఆగలేదు. కాలవగట్టు, తుమ్మచెట్టు మీద కాకులు, నాన్న నా చెయ్యి పట్టుకుని తిరిగి రావడం, అన్నీ చెప్పేశాను. నా పెళ్ళానికి కూడా అంత వివరంగా చెప్పలేదు.

"మీ నాయిన పెట్టనే లేదా?"

"లేదవ్వా."

"ఆయప్పకి ఎంత కష్టంగా ఉన్నిందో" అంది అవ్వ.

ఆ మాట వినగానే నాకు ఏడుపొచ్చింది. నాన్నది మొండితనమన్నారు చుట్టాలు, విశ్వాసమన్నారు చర్చివాళ్ళు. కష్టమని ఎవరూ అనలేదు. పక్కనే పెరిగిన నేనూ అనుకోలేదు.

అవ్వ లోపలికి వెళ్ళి ఇంకో ముద్ద కలుపుకొచ్చింది. దానిమీదా ఒక వడ పెట్టింది. "ఆమె పేరేమి?" అంది.

వెంటనే చెప్పలేకపోయాను. నేను బాప్తిస్మం తీసుకున్నవాణ్ణి, చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకునేవాణ్ణి. ఇది తెలిస్తే నాన్న నన్ను బల్లకి దూరంగా నిలబెట్టినా నిలబెడతాడు. అవ్వకి నా భయం అర్థమైనట్టుంది.

"నువ్వు మొక్కద్దప్పా. నీ సామికి కోపం వచ్చేది ఏమీ చెయ్యద్దు. ముసిలామెకి అన్నం పెట్టేదే కదా."

"పున్నమ్మ" అన్నాను.

ఆ ముద్దని నా చేత్తోనే పెద్దాయన ముద్ద పక్కన పెట్టాను. అవ్వ పెద్దగొంతుతో "కా, కా" అని పిలిచి, "పున్నమ్మా, నువ్వూ రా" అంది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ప్రార్థన చెయ్యలేదు, మానలేదు.

ఎంతసేపైందో చెప్పలేను. ముందు ఒకటి వాలింది, వెంటనే ఇంకో రెండు. ఆకుని కాళ్ళతో తొక్కి, రెండు ముద్దలూ కలిపేసి, వడలు పట్టుకుపోయాయి.

"ముందు ఏ ముద్ద ముట్టిందవ్వా?" అని అడిగాను ఆత్రంగా.

"ఏదైతే ఏమి? వాళ్ళు పంచుకొంటారులే. రా, ఆకు వేస్తాను" అంది. ఆకు తిన్నెమీద వెయ్యలేదు. లోపల, సుందరరాజాగారి పక్కన వేసింది. పప్పు, గుమ్మడికాయ కూర, అరిటికాయ వేపుడు, పాయసం. అంత ఆకలిగా, అంత తృప్తిగా నేను మళ్ళీ ఎక్కడా తినలేదు.

మర్నాడు మగ్గాలు చూశాను. గుడ్డని తడిపి, పిండి, మూడుసార్లు ఉతికించాను. పోగు జారలేదు. ఆస్పత్రికి కావలసిన తానులకి మాట ఖాయం చేసుకుని సాయంత్రం బండికి బయలుదేరాను. అవ్వ పులిహోర పొట్లం కట్టి ఇచ్చింది. ఒక కరపత్రం తనకి ఇమ్మంది. "తెలుగు అచ్చరం ఇంట్లో ఉండనీ" అని, పసుపు రాసి సామి పటాల మధ్య పెట్టుకుంది. నరకం అంత భద్రమైన చోటికి చేరడం నేను చూడటం అదే మొదటిసారి.

తిరుగుదారిలో కిటికీ పక్కనే కూర్చుని ఆ మనుషులందరినీ తలుచుకున్నాను. కాఫీ తెప్పించిన నాస్తికుడు, నా జవాబు తనకి తెలీదన్న సాయిబు, నేను ఆకలితో కూర్చోబెట్టినా ఒక్కమాట అనని ఆ ఇంటివాళ్ళు. చనిపోయాక ఎక్కడికి పోతామన్న దాంట్లో ఏ ఇద్దరికీ కుదరదు. నాకు అన్నం పెట్టే దగ్గర మాత్రం ఎవరూ ఆ లెక్క తియ్యలేదు. వాళ్ళకి నేను రుణపడి ఉన్నాను.

మధ్యాహ్నం మూడింటికి బాపట్లలో దిగాను. నాన్న ప్లాట్‌ఫారం మీద ఎదురుచూస్తున్నాడు. ఊరికి రెండు మైళ్ళు నడక.

"కరపత్రాలు పంచావా?" అన్నాడు.

"ఒకటే పోయింది నాన్నా" అని, దాచకుండా అంతా చెప్పేశాను. కాకిని తరమడం, పేరు చెప్పడం, నా చేత్తో ముద్ద పెట్టడం. "ఆయప్పకి ఎంత కష్టంగా ఉన్నిందో" అని అవ్వ అన్న మాట కూడా చెప్పాను. కాలవ వంతెన దాకా నడిచాం. తిడతాడని, కనీసం వాక్యం చెబుతాడని కాచుకుని ఉన్నాను. వంతెన మీద ఆగి, నీళ్ళవైపు చూస్తూ అడిగాడు.

"కాకి ముట్టిందా?"

"ముట్టింది నాన్నా."

కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

"ముద్దమీద ఏం పెట్టారు?"

"వడ."

"మా అమ్మకి వడలంటే ఇష్టం" అన్నాడు.