పచ్చి వేగిస ద్వారబంధం

మీ ఇంటి ద్వారబంధం ఉన్నట్టుండి పసుపు కారిస్తే మీరు ముందుగా ఎవరికి కబురు పెడతారు? నా చిన్నప్పుడు, ఉదయగిరిలో మా పక్కింట్లో సరిగ్గా ఇదే జరిగింది. వీధి వీధంతా కొబ్బరికాయలతో వచ్చింది. ఆ ద్వారబంధం చేసిన వడ్రంగికి మాత్రం ఎవరూ కబురు పెట్టలేదు. ఆ వడ్రంగి మా తాతయ్య.

పక్కింటివాళ్ళు పొలాలున్న రైతులు. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటూ ద్వారబంధానికి వేగిస మాను తెప్పించారు. వేగిస మా కొండల్లో పెరిగే చెట్టు. దాని చేవ గట్టిది, తేనెరంగులో ఉంటుంది, చెద అంత సులువుగా పట్టదు. బండి చక్రాలకూ ద్వారబంధాలకూ మా తాతయ్య దాన్నే కోరుకునేవాడు. కానీ ఆ చెక్కకు ఒక గుణం ఉంది. తడి తగిలితే పసుపు రంగు దిగుతుంది. అందుకని కోసిన మానును ఒక ఎండాకాలమైనా నీడలో ఆరబెట్టి, చేసిన పనికి బాగా నూనె పట్టించి నిలబెట్టాలి. ఇంటివాళ్ళు అప్పటికే ద్వారబంధం ఎత్తడానికి ముహూర్తం పెట్టించుకున్నారు. మాను ఆరలేదని తాతయ్య రెండుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్పలేదు. పచ్చి చెక్కకే చిత్రిక పట్టాడు.

కార్తీకంలో వాన పట్టుకుంది. రెండు రోజులు ఎదురు జల్లు కొట్టింది. మూడో రోజు తెల్లవారేసరికి తెల్ల సున్నం గోడ మీద, వాకిలికి రెండు పక్కలా, పసుపు చారలు కిందిదాకా దిగి ఉన్నాయి.

ఆ ఇంటి కోడలు, నేను అక్కా అని పిలిచే ఆవిడ, అప్పటికి నాలుగు రోజులుగా జ్వరంతో పడి ఉంది. నీళ్ళు కూడా కడుపులో నిలవడం లేదు. పొద్దున బస్సుకు ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకుపోదామని బావ, అంటే ఆమె భర్త, సంచి సర్దుకున్నాడు. అప్పుడే బావ వాళ్ళమ్మ వాకిట్లో ఆ చారలు చూసి చేతులు జోడించింది.

"అమ్మోరే నడిచి ఇంటికొచ్చినాదిరా! ఇప్పుడు పిల్లను గడప దాటిస్తావా? కళ్ళు పోతాయి!"

బావ సంచి కింద పెట్టాడు. గోడ మీది పసుపు నీళ్ళు దూదితో తీసి అక్క నుదుటికి రాశారు, చెంచాతో తాగించారు. చెంబులు పట్టుకుని ఆడవాళ్ళు వరుస కట్టారు. నేనూ వేలు ముంచి చూసుకున్నాను, గోరు పచ్చబడింది. నాకు పట్టరాని సంతోషం. అమ్మవారు అన్ని ఇళ్ళుండగా మా తాతయ్య చేసిన వాకిలికి వచ్చిందని బడి పిల్లలందరికీ చెప్పాలనుకున్నాను.

ఎవరి నోటనో విని తాతయ్య వచ్చాడు. చెక్కను వేలితో రుద్ది చూశాడు. ఆయన ముఖం ఎందుకు వాడిపోయిందో నాకు అర్థం కాలేదు. ఇంటికి వెళ్ళి, అదే మాను చిత్రిక పట్టినప్పుడు రాలిన పొట్టు గుప్పెడు, గాజుగ్లాసుతో నీళ్ళు తెచ్చాడు. పొట్టు నీళ్ళలో వేసి అందరినీ చూస్తుండమన్నాడు. కాసేపటికి నీళ్ళు పచ్చబడ్డాయి. ఇది మాను గుణం, ఇందులో మహిమేమీ లేదు అన్నాడు. అంతలో ఎండ వచ్చింది. గ్లాసు అంచుల్లో పచ్చటి నీళ్ళు నీలంగా మెరిశాయి. అది కూడా వేగిస గుణమే. కానీ ఆయన ఆ మాట చెప్పేలోగానే వెనకనుంచి ఒకావిడ కేక పెట్టింది.

"నీడలో పసుపు, ఎండలో నీలం! తల్లి ఎన్ని రంగులు జూపిస్తాండాదో! ఆచారీ, ఆ పొట్టు ఇంకా ఉండాదా? రోంత నాకూ పెట్టు."

నిజాన్ని కళ్ళముందు పెడితే జనం దాన్ని కూడా ప్రసాదంలా పంచమన్నారు. నేను తాతయ్యను చూశాను, గ్లాసును చూశాను. ఎవరిది నిజమో తేల్చుకోలేకపోయాను.

తాతయ్య గ్లాసు అరుగు మీద పెట్టాడు.

"అమ్మా, తప్పు నాది. పచ్చి మాను నిలబెట్టినాను" అన్నాడు అక్క అత్తగారితో.

ఆమె గొంతు లేచింది. "పచ్చి మానా? మా ఇంటికా? ఏందయ్యా, మేమేం గొడ్లసావిడి కట్టించుకున్నామా?" అంతవరకూ దణ్ణాలు పెట్టిన చేతులే ఆయన మీదికి లేచాయి. ఒకడు మోసగాడన్నాడు. ఒకడు ఉలి పట్టడం రాని ఆచారి అన్నాడు. మాట పడే మనిషి కాని మా తాతయ్య తల వంచుకుని నిలబడ్డాడు. గొడవ కొంచెం తగ్గబోతుంటే ఆయనే మళ్ళీ నోరు విప్పాడు.

"వంటింటి వాకిలి గూడా పచ్చి మానేనమ్మా."

అది అబద్ధం. వంటింటి వాకిలి బాగా ఆరిన వేపచెక్క. అది చేస్తున్నంతసేపూ నేను పక్కనే కూర్చుని ఉన్నాను. "తాతా, అది వేప" అనబోయాను. ఆయన నా చెయ్యి నొక్కి పట్టుకున్నాడు. జనమంతా వంటింటి వైపు పరుగెత్తారు, అత్తగారు అందరికన్నా ముందు. ఖాళీ అయిన వాకిట్లోంచి బావ అక్కను రెండు చేతులమీదా ఎత్తుకుని గడప దాటి బస్సు కోసం వెళ్ళిపోయాడు. ఆపడానికి అక్కడ ఎవరూ లేరు.

అది టైఫాయిడ్ అన్నారు ఆత్మకూరులో. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరు అన్నాడట. అక్క పదిహేను రోజులకు తిరిగొచ్చింది. తాతయ్యకు మాత్రం ఆ తర్వాత రెండేళ్ళు ఒక్క వాకిలి పని కూడా రాలేదు. గరిటెలు, చెంచాలు చెక్కుతూ ఇల్లు నడిపాడు. అబద్ధం ఎందుకు చెప్పావని ఒకసారి అడిగాను. వాన వస్తుందేమో, చెక్కలు లోపల పెట్టమన్నాడు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా ఎన్నో వేదికల మీద గ్లాసులో నీళ్ళ రంగు మార్చి చూపించాను, వాదించాను, తిట్లు తిన్నాను. ఆ రోజు ఎవరు గెలిచారో మాత్రం నేటికీ చెప్పలేను. జనం నిజాన్ని నమ్మారా, తిట్టడానికి ఒక మనిషి దొరికాడని తృప్తిపడ్డారా? ప్రయోగం చేయలేని పని ఆ అబద్ధం చేసిందని నేను ఒప్పుకోవాలా? ఒప్పుకోవడానికి మనసు రాదు. కాదనడానికి అక్క ముఖం అడ్డొస్తుంది. నాలో గట్టిగా నిలిచింది ఒక్కటే. "తప్పు నాది" అనడానికి ఆయన ఎవరి కోసమూ ఎదురుచూడలేదు.

మీ చేతి తప్పు ఒకటి ఎక్కడో మహిమగా చెలామణి అవుతోందని మీకు తెలుసు. వైద్యులైనా, పంతుళ్ళైనా, మేస్త్రీలైనా, తల్లులైనా సరే, మీ పరువు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఈ రోజే వెళ్ళి, నలుగురిలో నిలబడి, అది మీ తప్పని చెప్పండి.